కర్నూలు నుంచి గండికోట దాకా ఒక్కరోజు ప్రైవేటు టూర్: మార్కులు ట్రావెల్స్‌కి కాదు, డ్రైవరన్నకి

ముందే చెప్పేస్తా, ఇది ఎవరో రాయించుకున్న రివ్యూ కాదు, డబ్బులు మేమే కట్టినాం, బిల్లు మా ఆయన జేబులో ఇంకా మడతపెట్టి ఉంది. ట్రావెల్స్ పేరు మాత్రం రాయను. కర్నూల్లో ఇదే ప్యాకేజీ అమ్మేవాళ్లు శానామంది ఉన్నారు, అందరి వాట్సాప్ పోస్టరూ ఒకటే, అదే గండికోట లోయ ఫోటో, అవే ఎర్ర అక్షరాలు, కింద ఫోన్ నంబరొక్కటే మారుతుంది. మీరు ఎవరి దగ్గర బుక్ చేసుకున్నా ఈ సంగతులు ఎదురవుతాయి కాబట్టి చదవండి.

ప్యాకేజీ ఏందంటే, ఏడు సీట్ల ఏసీ బండి, డ్రైవరు, లోకల్ గైడు, మధ్యాహ్నం నాటుకోడి సంగటి భోజనం, చూపించే చోట్లు నాలుగు: గండికోట, బెలుం గుహలు, అవుకు రిజర్వాయర్లో బోటు, యాగంటి. తెల్లారి ఇంటికాడ ఎక్కించుకుని రాత్రికి ఇంటికాడే దింపుతారు. పదకొండు వేలు అన్నారు, పదిన్నరకి ఒప్పించినాం. మా ఇంటికి బెంగుళూరు నుంచి వదిన, వాళ్ల పాప వచ్చింటే, మా అత్త "యాగంటి పోక శానా ఏండ్లాయె, ఒక్కసారి తీసుకపోండప్పా" అనడంతో ఇదంతా మొదలైంది. మా ఆయన బస్సుల్లో పోదామన్నాడు గానీ నేనే వద్దన్నా. కర్నూలు నుంచి బనగానపల్లెకి బస్సులకి కొదవ లేదు, అక్కడ్నించి యాగంటికీ దొరుకుతాయి, కానీ అవుకు నుంచి బెలుం, బెలుం నుంచి గండికోట అనే ముక్క ఉందే, అది మోకాళ్ల నొప్పులున్న పెద్దామెని, ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని బస్సులు మారుతూ ఒక్కరోజులో అయ్యే పని కాదు. కాబట్టి ప్రైవేటు బండి అనేది మా లెక్కలో సోకు కాదు, అవసరమే.

ఇంగ అసలు విషయం. ఆఫీసులో రాసిచ్చిన కాగితంలో వరుస ఎట్లుందంటే, ముందు గండికోట, తర్వాత బెలుం, తర్వాత అవుకు, చివర్లో యాగంటి. దూరంగా ఉన్నదాన్ని ముందు చూసేసి ఇంటి వైపు వస్తూ వస్తూ మిగతావి చూపిస్తే రాత్రికి తొందరగా బండి ఖాళీ అవుతుందని వాళ్ల లెక్క. ముందురోజు రాత్రి డ్రైవరన్న ఫోన్ చేసినాడు. "అక్కా, ఆఫీసోళ్ల లైన్ ప్రకారం పోతే పది పదకొండుకి గండికోటలో ఉంటాం, ఎండ నెత్తిన కొడతాంటాది, లోయ తెల్లగా సప్పగా కనపడతాది, పెద్దామెకీ కష్టం. అవుకు పోయేసరికి బోటు మూసేస్తారు. నేను తిప్పి కొడతా, యాగంటి ముందు, గండికోట ఆఖర్న. కాకపోతే మీరు ఐదింటికే రెడీగా ఉండాల" అన్నాడు. ఆ ఒక్క ఫోన్‌తోనే సగం డబ్బులు గిట్టినాయి అనుకోండి. ఎవరు బుక్ చేసుకున్నా సరే ఈ వరుసనే అడగండి, ఆఫీసు వాళ్లు కుదరదంటే డ్రైవర్‌తో మాట్లాడుకోండి.

ఐదింటికి అన్నాడా, ఐదుకి పది నిమిషాల ముందే బండి మా సందు చివర నిలబడింది. తెల్ల ఇన్నోవా, పాతదే, సీటు కవర్లు మాత్రం ఉతికినవి. వెనక సీట్లో ఏసీ గాలి సరిగ్గా రాదు, ఇది ముందే తెలిస్తే పిల్లల్ని మధ్యలో కూచోబెట్టేవాళ్లం. మా మరిది డోన్‌లో సోషల్ టీచరు, ఆయనా ఎక్కినాడు, అందుకే ఈ టూర్లో మాకు గైడు లేని లోటు తెలియలేదు. గైడు సంగతి తర్వాత చెప్తా.

ఓర్వకల్లు దగ్గర రాళ్లమీద వెలుతురు పడతాంటే వదిన దిగి ఫోటో తీసుకుంటానంది, రాక్ గార్డెన్ ఆ టైముకి తీసి ఉండదులే అని ముందుకు పోయినాం. పాణ్యం దాటి బనగానపల్లె రోడ్డుకి తిరిగినాక ఊరు మారిపోతుంది, రేగడి చేన్లలో శనగ మొలకలు, ఎడమా కుడీ ఎర్రమల కొండలు, రోడ్డుపక్కన బుట్టల్లో సీతాఫలాలు. కార్తీక మాసం కాబట్టి చలి కూడా ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టినాక ఇదంతా నంద్యాల జిల్లా అయింది గానీ మా అత్త నోట్లో ఇప్పటికీ కర్నూలు జిల్లానే.

యాగంటిలో ఏడున్నరకి ఉన్నాం. సోమవారం కాకపోయినా కార్తీకం కార్తీకమే, అప్పటికే జనం, దీపాలు, కోతులు. కొబ్బరిచిప్ప చేతిలో పట్టుకుని నడవద్దండి, నిమిషంలో లాక్కుంటాయి, పాపది అట్లనే పోయింది. పుష్కరిణిలో నీళ్లు కొండలోనుంచి వచ్చి నంది నోట్లోంచి పడతాంటాయి, ఏడాది పొడుగునా అంతే, మా కర్నూలులో కొళాయిలకి కూడా లేని భాగ్యం. అత్త కాళ్లు కడుక్కుని అట్లే మెట్టుమీద కూచుండిపోయింది, లేవదే. పిల్లలిద్దరికీ మా మరిది ఒక పని పెట్టినాడు: ఇక్కడ కాకి కనపడితే వంద రూపాయలు ఇస్తా అని. అగస్త్యుడు శపించినందుకు యాగంటిలో కాకులు వాలవని కథ కదా. పిల్లలు గోపురం మీద, చెట్లమీద, వంటశాల వెనకాల అంతా వెతికినారు, పావురాలు, కోతులు, ఒక ఉడుత. కాకి లేదు. వంద రూపాయలు మరిది జేబులోనే ఉండిపోయినాయి.

బసవన్న దగ్గర మాత్రం అత్త మాటే మాట. నంది పెరుగుతా ఉందని అందరికీ తెలిసిందే, పురావస్తు శాఖ వాళ్లు ఇరవై ఏండ్లకి ఒక అంగుళం చొప్పున పెరుగుతుందన్నారని అక్కడ చెప్తారు, కలియుగం ఆఖర్న ఈ బసవన్న లేచి రంకె వేస్తాడని బ్రహ్మంగారి కాలజ్ఞానంలో ఉందని అంటారు. అత్త ఆ వివరాలేం చెప్పలేదు. మంటపం స్తంభం పక్కన నిలబడి, "నా పెండ్లయిన కొత్తలో ఈ సందులోనుంచే చుట్టూ తిరిగినాం మే, మీ మామ ముందు, నేను వెనక" అని చెయ్యి పెట్టి చూపించింది. ఇప్పుడు ఆ సందులో చెయ్యి పోతుంది గానీ మనిషి పోలేడు. రాయి పెరిగిందా, మనుషులం లావైనామా అని మా ఆయన నవ్వబోతే వదిన మోచేత్తో పొడిచింది. డ్రైవరన్న మాకు ఇక్కడ గంటన్నర ఇచ్చినాడు, తొందరపెట్టలేదు, పైన అగస్త్య గుహ, వెంకటేశ్వర గుహ రెండూ ఎక్కి దిగినాం. గుహ మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులుంటే కింద కూచోవడమే మేలు.

టిఫిన్ బనగానపల్లెలో. ఆఫీసోళ్ల కాగితంలో టిఫిన్ లేదు, మన ఖర్చే. అన్న ఒక చిన్న హోటల్ ముందు ఆపినాడు, బయట బోర్డు కూడా లేదు, లోపల నాలుగు బల్లలు. ఉగ్గాని బజ్జి. నానిన బొరుగులకి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తాళింపు, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. పుట్నాల పొడి ఎక్కువా తక్కువా అనేదాంట్లోనే ఉంటుంది ఉగ్గాని అంతా, ఇక్కడ సరిగ్గా పడింది, బొరుగు మెత్తబడింది గానీ ముద్ద కాలేదు. బెంగుళూరు పాప మొదట "ఇది పోహానా" అని అడిగి, తర్వాత ఇంకో ప్లేటు అడిగింది. అందరం డ్రైవరన్నతో సహా తిన్నాం, మూడొందలు కూడా కాలేదు. ఏసీ రెస్టారెంట్ అని పోస్టరులో రాసుకునే వాళ్లకి ఇట్లాంటి చోటు తెలియదు, ఆ రోడ్డుమీద తిరిగే మనిషికి తెలుస్తుంది.

అవుకు గురించి నాకేం ఆశలు లేవు, రిజర్వాయర్ అంటే కట్ట, తూములు, నీళ్లు, అంతే కదా అనుకున్నా. కట్టమీదికి ఎక్కినాక మాత్రం అందరం ఒక్కసారి నోరు మూసుకున్నాం. చుట్టూ ఎర్రమల గుట్టలు, మధ్యలో అంత నీళ్లు, కార్తీకం కాబట్టి నిండుగా ఉంది. రాయలసీమలో పుట్టినోళ్లకి నిండిన నీళ్లు చూస్తే ఒక రకంగా ఉంటుందిలే, చెప్పలేం. మరిది ఇక్కడ క్లాసు మొదలుపెట్టినాడు. ఈ నీళ్లు ఇక్కడివి కాదు, కృష్ణవి. శ్రీశైలం డ్యాం వెనక పోతిరెడ్డిపాడు దగ్గర తూములెత్తితే అక్కడ్నించి బనకచర్ల క్రాస్ రెగ్యులేటర్, గోరకల్లు రిజర్వాయర్, కొండలో తవ్విన సొరంగాలు, ఆ తర్వాత ఈ అవుకు, ఇక్కడ్నించి మళ్లా కాలవలో గండికోట రిజర్వాయర్‌కి. "మనం సాయంత్రం పోయే చోటికే ఈ నీళ్లు కూడా పోతాండాయి, మనకంటే నిదానంగా" అన్నాడు. ఈ కాలవల పథకం పేరే గాలేరు నగరి, పేపర్లో ఏండ్లుగా చదువుతానే ఉన్నా, అది ఏందో ఆరోజు బోటులో కూచుని అర్థమైంది నాకు.

బోటు టికెట్ ప్యాకేజీలో ఉంది, అది మాత్రం నిజంగానే ఉంది, అన్న పోయి తెచ్చినాడు. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కనివ్వలేదు, అత్త చీర మీద ఆరంజి రంగు జాకెట్ వేసుకుని చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూచుంది, కట్ట వదిలినాక ఐదు నిమిషాలకి గానీ కండ్లు తెరవలేదు, తెరిచినాక మళ్లా ముయ్యలేదు. గట్టు దగ్గర నీళ్లు బురద రంగులో ఉండి, లోపలికి పోయేకొద్దీ పచ్చగా, గుట్ట నీడలో నల్లగా అవుతాయి. ఇంజన్ ఆపమని అడిగితే బోటాయన కాసేపు ఆపినాడు. పక్షి అరుపు తప్ప ఏమీ లేదు. మొత్తం అరగంట కూడా ఉండదు, ఇంకాసేపుంటే బాగుండు. పొద్దున గాలి తక్కువ కాబట్టి నీళ్లు కదలకుండా ఉంటాయి, మధ్యాహ్నం మీద అలలొస్తాయని బోటాయన చెప్పినాడు, అదీ వరుస మార్చుకోవడంలో ఉన్న లాభమే.

అవుకు నుంచి బెలుం పోయే దారి టూర్లో లేదు, దారే కదా అని ఎవరూ రాయరు, నాకు మాత్రం నచ్చింది. అంతా నాపరాయి దేశం. చేనికి గట్టు నాపరాళ్లే, ఇంటి గోడ నాపరాళ్లే, కప్పు నాపరాళ్లే, గొర్రెల దొడ్డి కూడా నాపరాళ్లు నిలబెట్టి కట్టిందే. రోడ్డుపక్కన పాలిష్ యూనిట్లు, తెల్ల బురద, ఆ బురదతో తెల్లబడిన వేపచెట్లు, కొలిమిగుండ్ల దగ్గరికొస్తే సిమెంటు లారీలు. మన ఇండ్లల్లో పరిచే ఆ బండల జాతి రాయే కింద నీళ్లకి కరిగి కరిగి బెలుం గుహలైందని మరిది చెప్తే మా వాడు వెంటనే, "అయితే మన ఇల్లు తుడిస్తే కరిగిపోతుందా" అన్నాడు. లక్షల ఏండ్లు తుడవాలిరా అన్నాడు వాళ్ల బాబాయి.

బెలుం పదింటికి గానీ తెరవరు, మేం పదకొండు దాటినాక చేరినాం. బయట పెద్ద బుద్ధుడి విగ్రహం, ముందు పార్కింగ్. ఇక్కడ ఒక మాట. పోస్టరులో ఎంట్రీ టికెట్లు ఫ్రీ అని లేదు, లేదనీ లేదు. అడిగితే ఎక్స్‌ట్రా అన్నారు. పార్కింగూ ఎక్స్‌ట్రానే. పెద్ద మొత్తం కాదులే గానీ ముందే ఒక మాట చెప్తే మర్యాదగా ఉంటుంది.

గుహ గురించి ఎంత చెప్పినా తక్కువే. మామూలుగా గుహ అంటే కొండలోకి అడ్డంగా పోతాం, ఇది అట్లా కాదు, పొలాల మధ్య నేలమీద బావి మాదిరి నోరు, దాంట్లోకి మెట్లు దిగి కింద అడ్డంగా నడవాలి. 3,229 మీటర్లు పొడుగు, జనానికి తీసింది ఒకటిన్నర కిలోమీటర్. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ ఆయన వీటి గురించి రాసినాడు, ఆ తర్వాత దాదాపు వందేండ్లు ఎవరికీ పట్టలేదు, 1982, 83లో జర్మనీ నుంచి గెబౌర్ అనే ఆయన టీంతో వచ్చి లోపలంతా కొలిచి మ్యాప్ వేసినాడు. టూరిజం వాళ్లు చేతికి తీసుకుని లైట్లు, దారి వేసి 2002లో తెరిచినారు. డ్రైవరన్న చెప్పిందేమంటే, అంతకుముందు చుట్టుపక్కల ఊర్లోళ్లకి ఇది చెత్త పారేసే గుంత అట, ఊరోళ్లే తర్వాత శుభ్రం చేసినారట. ఎండాకాలం పనిలేనప్పుడు వాళ్ల నాయన వాళ్లు లోపల మూతి దగ్గర చల్లగా ఉంటుందని పండుకునేవాళ్లట కూడా.

మూతి దగ్గరే చల్లదనం, లోపల కాదు. ఇది ఎవరూ చెప్పరు, నేను చెప్తా. లోపలికి పోయేకొద్దీ ఉక్క, చెమట కారిపోతుంది, గాలి గొట్టాలు అక్కడక్కడా పెట్టినారు గానీ గొట్టం కింద నిలబడిన వాళ్లకే గాలి. నీళ్ల సీసా తీసుకుపోండి, కాటన్ బట్టలు వేసుకోండి, పట్టుచీరలు వద్దే వద్దు. మా అత్తని లోపల కోటిలింగాలు అనే చోటు దాకా నడిపించి, ఒక గాలి గొట్టం కింద రాయిమీద కూచోబెట్టి, డ్రైవరన్నే "మీరు పోయిరాండక్కా, నేనుంటా" అని పక్కనే నిలబడినాడు. మేం తిరిగొచ్చేసరికి పైట కొంగు గాలికి ఎగురుతాంటే ఆమె ఆయనకి ఇంటి సంగతులన్నీ చెప్పేసింది, మా ఇంటి లోను ఎంతుందో కూడా ఆయనకి తెలిసిపోయింది.

లోపల పాతాళగంగ దాకా పోయినాం, నేల మట్టానికి 46 మీటర్లు కింద. చివర్లో ఇనుప మెట్లు, తడి, చెయ్యి పెడితే రాయి జిడ్డుగా తగులుతుంది. అక్కడ సన్న నీటిపాయ ఒకటి వచ్చి రాతి సందులోకి పోయి మాయమవుతుంది, యాడికి పోతుందో కనపడదు. వెయ్యి పడగలు అని పిలిచే చోట పైకప్పు చూడండి, నిదానంగా చూడండి. పసుపు లైటు పడే చోట పడగల కొసన నీటిబొట్టు వేలాడతాంటుంది, రాలదు, అది రాలేదాకా చూద్దామని మా వాడు నిలబడి నిలబడి మెడ నొప్పి పెట్టి వచ్చేసినాడు. ఆ బొట్టు వదిలే సున్నమే పడగ. సప్తస్వరాల దగ్గర స్తంభాల్ని కొడితే మోగుతాయని అందరూ కొడతాంటారు, మీరు కొట్టకండి, విరిగితే మన మనవళ్లకి కూడా మళ్లా రాదు. ధ్యాన మందిరంలో కుర్రాళ్ల గుంపొకటి బ్లూటూత్ స్పీకర్ పెట్టింది. వదిన పోయి ఏదో అన్నాక ఆపినారు. ఏమన్నదో మాకు చెప్పలేదు.

ఇక భోజనం. ఇక్కడే నా కోపం. బుకింగ్ రోజే చెప్పినా, కార్తీక మాసం, మా అత్త, నేను నీచు తినము, ఇద్దరికీ వెజ్ కావాలని. "నోట్ చేసుకున్నాం మేడం" అన్నారు. దాబాకి పోయేసరికి ఆరు నాటుకోడి సంగటి ఆర్డరు తయారుగా ఉంది, వెజ్ అనే మాటే వాళ్లకి పోలేదు. ఆఫీసుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు, రెండోసారి ఎత్తి "అడ్జస్ట్ చేసుకోండి మేడం" అన్నారు. దేవుడి దగ్గర కూడా అడ్జస్ట్ అని చెప్పమంటారా? ఆ దాబాలో వంట చేసే ఆమె మా అత్త మొహం చూసి, "కూచో పెద్దమ్మా, కార్తీకమని నేనూ తినడంల్యా" అని తను తినడానికి చేసుకున్న పప్పు, చెనక్కాయల ఊరుబిండి పచ్చడి తెచ్చి పెట్టింది, వేడి సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోసింది. డబ్బులు తీసుకోలేదు. నాటుకోడి కూడా బాగుందని తిన్నోళ్లు చెప్పినారు, కారం ఎక్కువైనా ఎముక దగ్గర మెత్తగా ఉడికిందట. దాబాకి పూర్తి మార్కులు. ఆఫీసుకి సున్నా.

బెలుం నుంచి గండికోట గంటన్నర పైనే. తిన్నాక అందరం నిద్రపోయినాం, లేచేసరికి జమ్మలమడుగు. అక్కడ్నించి పదిహేను కిలోమీటర్లు. నాలుగు కాకముందే కోటలో ఉన్నాం.

గైడు సంగతి చెప్తా అన్నా కదా. కాగితంలో "లోకల్ గైడ్ ఇన్‌క్లూడెడ్" అని ఉంది. ఎవరూ రాలేదు. ఆఫీసుకి మళ్లా ఫోన్. "డ్రైవరే గైడ్ మేడం" అని సమాధానం. డ్రైవరన్న మొహం చిన్నబుచ్చుకుని, "నాకు దారి తెలుసక్కా, రాజుల కథలు తెలీవు" అన్నాడు. ఆయన తప్పేముంది. మా మరిది ఉన్నాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే జనం చేసేదే మేమూ చేసేవాళ్లం, దిగడం, లోయ దగ్గర సెల్ఫీ, వెనక్కి. కోటంటే లోయ ఒక్కటే కాదు. పెమ్మసాని నాయకులు ఏలిన కోట, విజయనగరం తరఫున, ఆ తర్వాత గోల్కొండ సేనాపతి మీర్ జుమ్లా చేతికి పోయింది. ఈ మీర్ జుమ్లాని చూడటానికే 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి నగల వ్యాపారి గండికోట దాకా వచ్చినాడు. వజ్రాల గనులు మీర్ జుమ్లా చేతిలో ఉన్నాయి మరి. "ఫ్రాన్స్ నుంచి వచ్చినోడు ఎక్కిన కొండకి మనం కర్నూలు నుంచి రావడానికి ఇన్నేండ్లు పట్టింది" అన్నాడు మరిది. మాధవరాయ గుడి గోపురం, కొంచెం దూరంలో జామియా మసీదు, పక్కనే ధాన్యాగారం, కత్తుల కోనేరు, అన్నీ నడిచే దూరంలోనే, ఒకదాన్నించి చూస్తే ఇంకోటి కనపడుతుంది. గుడి మంటపం స్తంభాలమీద చెక్కడాలు పగిలినవి పగిలినట్టే ఉన్నాయి, మిగిలినవి చూడటానికే అరగంట కావాలి. కోట లోపలే ఒక ఊరుంది, మనుషులు ఉంటారు, మేకలు తిరుగుతుంటాయి, అది జనం ఫోటోల్లో రాదు.

అత్త మసీదు దగ్గర అరుగుమీద కూచుండిపోయింది, సీతాఫలాలు అమ్మే ఆమె తోడు దొరికింది. మేం లోయ దగ్గరికి పోయినాం. రాళ్లమీద రాళ్లు, బెల్లం దిమ్మలు పేర్చినట్టు ఎర్రగా చతురస్రంగా, వాటిమీద ఎక్కి దిగి పోవాలి, చెప్పులు జారేవి వేసుకోవద్దు. దాటినాక ఒక్కసారిగా నేల అయిపోతుంది. కింద మూడొందల అడుగుల లోతున పెన్న. ఎంత ఫోటో చూసినా ఆ లోతు ఫోటోలో రాదు, ఎందుకంటే భయం ఫోటోలో రాదు కదా. మేం నిలబడిన చోట కంచె లేదు, కమ్మీ లేదు. పిల్లల చెయ్యి వదలకండి. అంచున కాళ్లు వేలాడేసి ఫోటోలు దిగేవాళ్లని చూసి నా కడుపులో తిప్పింది. గండికోట అభివృద్ధికి కేంద్రం 2024లో 77.91 కోట్లు మంజూరు చేసింది, దాంట్లో మొదట ఆ అంచు సంగతి చూస్తే చాలు.

ఐదు దాటినాక ఎండ వాలి అవతలి గోడమీద పడింది. మధ్యాహ్నం వచ్చినోళ్లకి ఆ రాయి మామూలు రాయే. ఆ టైములో దాని రంగు నిమిషానికోసారి మారతాంటుంది, ముందు పసుపు, తర్వాత ఇటుక ఎరుపు, కింద నీళ్లు మాత్రం అప్పటికే నల్లబడిపోయి. గుంపులో మాటలు తగ్గిపోయినాయి. అప్పటిదాకా బండి దగ్గరే ఉన్న డ్రైవరన్న కూడా వచ్చి కొంచెం ఎడంగా నిలబడినాడు. పైన డ్యాం ఎక్కడుందని మా ఆయన అడిగితే చెయ్యి చూపించి, "ఆ కొండ అవతల సార్, 26 టీఎంసీలు దాటి పడతాది అంట. మా అమ్మ వాళ్లది తాళ్ల ప్రొద్దుటూరు, ఊరు మొత్తం అడుగునుంది. వాన బాగా పడిందంటే అందరూ సంతోషపడతారు, మా అమ్మ మాత్రం ఇల్లు యాడుందో లెక్కేసుకుంటాది" అన్నాడు. మామూలు గొంతుతోనే అన్నాడు. పొద్దున అవుకులో మేం మురిసిపోతూ చూసిన నీళ్లే ఇవి. మరిది ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు.

ఆరుకి బయల్దేరినాం. కోయిలకుంట్ల, నంద్యాల మీదుగా కర్నూలు. చీకట్లో కొన్ని చోట్ల రోడ్డు గుంతలు, అన్న నిదానంగా తోలినాడు, ఒక్కసారి కూడా ఫోన్ ఎత్తలేదు, మధ్యలో టీకి ఆపి మొహం కడుక్కున్నాడు. రాత్రి డ్రైవింగ్‌కి నేను భయపడే మనిషిని, ఈయన పక్కన నిద్రపోయినా. పది దాటింది ఇంటికొచ్చేసరికి.

చివర్లో బిల్లు. ప్యాకేజీ 300 కిలోమీటర్ల వరకేనట, మీటర్ 370 చిల్లర చూపిస్తాంది, ఎక్కువైన ప్రతి కిలోమీటరుకీ పద్దెనిమిది రూపాయలు, టోల్ వేరు, డ్రైవర్ బత్తా వేరు. ఇక్కడ గట్టిగా అడిగినా. మేం సొంతంగా ఎక్కడికీ తిప్పించుకోలేదు, మీరు రాసిచ్చిన నాలుగు చోట్లే తిరిగినాం, ఏ వరుసలో తిరిగినా కర్నూలు నుంచి బయల్దేరి ఈ నాలుగూ చూసి మళ్లా కర్నూలు రావాలంటే 300లో ఎట్లా అవుతుంది, మ్యాప్ తీసి మీరే కొట్టుకోండి అని. అవతలి నుంచి "సిస్టంలో అంతే ఉంది మేడం" అన్నారు. ఫోన్లో పావుగంట అయినాక కిలోమీటర్ల డబ్బు సగం తగ్గించినారు, గైడు లేనందుకు, వెజ్ భోజనం లేనందుకు పైసా తగ్గించలేదు. అన్నీ కలిపి పన్నెండు వేలు దాటింది. కాబట్టి మీరు బుక్ చేసుకునేటప్పుడు కిలోమీటర్ల లిమిట్ ఎంత, టోల్ ఎవరిది, బత్తా ఎవరిది, గైడు అంటే మనిషా మాటా, ఈ నాలుగూ వాట్సాప్‌లో రాయించుకోండి, ఫోన్లో చెప్పించుకుంటే లాభం లేదు.

మా లెక్కలో డ్రైవరన్నకి ఐదుకి ఐదు, ఆఫీసుకి రెండు, అది కూడా బోటు టికెట్‌కి, ఉతికిన సీటు కవర్లకి. ఎండాకాలం మాత్రం ఈ టూర్ వద్దు, గండికోట రాయిమీద కాలు పెట్టలేరు, అవుకులో నీళ్లు ఎంతుంటాయో చెప్పలేం. వానలు వెనకబట్టినాక, అక్టోబరు నుంచి జనవరి దాకా సరైన టైం.

దిగేటప్పుడు మా ఆయన అన్న ఫోన్ నంబరు అడిగినాడు, ఈసారి నేరుగా నీకే చేస్తాం, ఆఫీసుకిచ్చే డబ్బులు నీకే ఇస్తాం అని. ముందురోజు రాత్రి ఫోన్ చేసింది ఆఫీసు నంబరుతోనట. ఆయన నవ్వి, "వద్దు సార్, ఓనరుకి తెలిస్తే బండి తీసేసుకుంటాడు. ఆఫీసుకే చేయండి, అహోబిలం పోవాలంటే మాత్రం తెల్ల ఇన్నోవా ముసలోడే కావాలని అడగండి" అన్నాడు. అత్త అప్పుడే అహోబిలం ఎన్నడని అడుగుతాంది.